వెర్నా హోల్ట్‌గ్రీవ్ విద్యార్థి అయిన వేసవి

వెర్నా హోల్ట్‌గ్రీవ్‌ని మొదటిసారి చూసినప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఒహాయోలో ఓ చిన్న కాలేజీలో డిగ్రీ చదువుతూ, పది వారాల వేసవి ఫెలోషిప్ మీద మిస్సోరికి వచ్చాను. మొక్కల మీద పరిశోధన అంటే ఎలా ఉంటుందో రుచి చూడ్డానికి ఏటా దేశం నలుమూలల నుంచీ పన్నెండుమంది పిల్లలు అలా ఆ విశ్వవిద్యాలయానికి వస్తారు. మొదటిరోజు పొద్దున ఆరింటికి వెర్నా మమ్మల్ని మొక్కజొన్న పొలం పక్కన వరసగా నిలబెట్టింది.

"మొక్కజొన్నకి ఆదివారం తెలీదు. మీ పుట్టినరోజూ తెలీదు. కండెకి పీచు బయటికొచ్చిందంటే మీరు ఇక్కడ ఉండాలి. అది కుదరనివాళ్ళు ఇప్పుడే చెప్పండి. ల్యాబ్‌లో ఏసీ ఉంది, అక్కడికి పంపించేస్తాను" అంది.

ఎవరం ల్యాబ్‌కి వెళ్ళలేదు. ఆ వేసవి నన్ను ఎంత పట్టేసిందంటే, డిగ్రీ అయ్యాక పీహెచ్‌డీకి మళ్ళీ అక్కడికే వచ్చి చేరాను.

ఆ పొలానికి వెర్నాయే మేనేజరు. విత్తనం వేసిన దగ్గర్నుంచి కండెలు ఎండబెట్టేదాకా అంతా ఆవిడ చేతి మీదుగానే జరగాలి. పీచు బయటికి రాకముందే కండెకి కవరు తొడగడం, మొక్క నెత్తిన ఉన్న మగపూల జల్లుకి కాగితం సంచి కట్టడం, మంచు ఆరాక ఆ సంచిలోకి పుప్పొడి దులిపి పీచు మీద పొయ్యడం, సంచి మీద తేదీ రాయడం, ఇవన్నీ ఆవిడ దగ్గర నేర్చుకోనివాళ్ళు మా శాఖలో లేరు. తేదీ రాయని సంచిని ఆవిడ "అనాథ" అనేది. సాయంత్రం అనాథలన్నిట్నీ పోగేసి, అవి ఎవరి పుణ్యమో అందరి ముందూ చదివేది. మొదటి వారంలో నా పేరు అయిదుసార్లు చదివింది.

ఆవిడది మిస్సోరి నది పల్లపు నేలల్లో, ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. స్కూలు చదువు అయిపోయాక, డెబ్భై ఎనిమిదిలో, ఇదే విశ్వవిద్యాలయంలో చేరింది. హాస్టల్లో మూడు నెలలుంది. థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికెళ్ళిన మూడోరోజు వాళ్ళ నాన్న గాదె నిచ్చెన మీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో అరవై పశువులు, మరో మగదిక్కు లేదు. వెర్నా తిరిగి రాలేదు. హాస్టల్లో ఉండిపోయిన దుప్పటీ పుస్తకాలూ క్రిస్మస్‌కి ఎవరో స్నేహితురాలు తెచ్చి ఇచ్చింది. తర్వాత పక్క పొలం లీలాండ్‌తో పెళ్ళి, ఇద్దరు ఆడపిల్లలు. ఓ వేసవిలో పొలం పనికి రోజుకూలీగా విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక అక్కడే పాతుకుపోయింది.

ఈ కథ ఆవిడ బాధపడుతూ చెప్పడం నేను వినలేదు. "విరిగింది నాన్న నడుం. నాది బాగానే ఉందిగా" అనేది.

ఉద్యోగులు ఫీజు లేకుండా చదువుకునే వీలు అక్కడ ఉంది. చిన్నమ్మాయి పెళ్ళయిన ఏడాది, నలభై ఆరో ఏట, వెర్నా మళ్ళీ డిగ్రీలో చేరింది. టర్ముకి ఒక క్లాసు, పని ఉంటే అదీ లేదు. పొలంలో ఆవిడ కింద పనిచేసే డ్వేన్ దీని మీద రోజూ ఓ మాట విసిరేవాడు.

"వెర్నా, నువ్వు పట్టా పుచ్చుకునేసరికి నీ మనవరాలు ప్రొఫెసరై కూర్చుంటుంది."

"కూర్చోనీ. మార్కులు బాగా వేయించుకుంటాను."

రెండువేల పద్నాలుగు జనవరిలో ఓరోజు ఆవిడ బూట్ల మంచు దులుపుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో వేసవి ఫెలోషిప్ దరఖాస్తు.

"టెస్సా, ఇందులో డిగ్రీ చదువుతూ ఉండాలని ఉంది. ఇంకా ఏడాదైనా చదువు మిగిలి ఉండాలని ఉంది. వయసు మాట ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివాను, నువ్వోసారి చూడు."

చూశాను. లేదు.

"అయితే వేస్తాను" అంది. దరఖాస్తు మడుస్తూ, "నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వెయ్" అంది.

"నవ్వను. కానీ మీ ప్రశ్న ఏమిటి? ఏదో ఒక ప్రశ్న ఉండాలి కదా."

ఆవిడ కోటు జేబులోంచి ఓ నోటుపుస్తకం తీసింది. పొలంలో పొట్టి వంగడం ఒకటి ఉండేది, అందరం దాన్ని పొట్టి వరస అనేవాళ్ళం. మిగతా వరసలు తొమ్మిదింటికి గానీ పుప్పొడి రాల్చవు. పొట్టి వరస ఏడున్నరకే రాల్చేస్తుంది. పంతొమ్మిది వేసవుల తేదీలూ వేళలూ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఎండ ముదిరితే పుప్పొడి చచ్చిపోతుంది. ముందే రాల్చే మొక్క ఆ ఎండని తప్పించుకుంటుంది. రెండువేల పన్నెండులో వచ్చిన కరువుకి పొలమంతా పళ్ళూడిన కండెలే అయినా, పొట్టి వరసలో గింజ నిండుగా కట్టింది. అదీ ఆ పుస్తకంలో ఉంది.

"దానికి పొద్దున్నే లేచే గుణం ఉంది. ఆ గుణం ఎక్కడుందో చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది" అంది.

ఎంపిక సంఘంలో పెద్ద వాదనే జరిగిందని తర్వాత మా ప్రొఫెసర్ ఆర్మ్స్‌బీ చెప్పాడు. "ఇది కుర్రాళ్ళకి దారి చూపించడానికి పెట్టిన ఫెలోషిప్. ఆమెకి దారి చూపించడమేమిటి, ఇన్నేళ్ళుగా ఆ దారి ఊడుస్తున్నదే ఆమె" అన్నారట ఒకరు. "వచ్చిన రెండువందల దరఖాస్తుల్లో సొంత ప్రశ్న ఉన్నవి ఆరు. అందులో ఇదొకటి" అన్నాడట ఆర్మ్స్‌బీ. ముందు ముందు ఏమవ్వాలనుకుంటున్నారు అని అడిగిన చోట వెర్నా ఇలా రాసింది: "పెద్దయ్యాక ఏమవుతానో తెలీదు. ఈ వేసవి ఏం చేస్తానో మాత్రం కింద రాశాను." ఆ వాక్యానికి వాదించినాయన కూడా నవ్వి సంతకం పెట్టాడట.

ఫెలోలందరికీ ఓ గైడ్ ఉండాలి. ఆవిడ గైడ్‌గా నా పేరు రాశారు. నాకు సంచి కట్టడం నేర్పిన మనిషికి నేను గైడ్‌ని. ఆ కాగితం చూసి వారం రోజులు ఆవిడకి ఎదురుపడకుండా తిరిగాను. చివరికి ఆవిడే పట్టుకుంది.

"ఏం పిల్లా, దాక్కుంటున్నావు?"

"మీకు నేనేం నేర్పుతాను, వెర్నా?"

"నాకు తెలిసింది నాకెలాగూ తెలుసు. నాకు తెలిసిందాంట్లో తప్పెక్కడుందో పట్టుకోవడం నీ పని. దానికే కదా నిన్ను అన్నేళ్ళు చదివిస్తున్నారు."

సరేనని నా పని నేను చేశాను. పొట్టి వరసని ఏటా ఎక్కడ వేసేవారని అడిగాను. తూర్పు అంచున అంది. పొడుగు మొక్కల మధ్య వేస్తే నీడపడి పాడవుతుందని మొదట్నుంచీ అక్కడే వేసేదట. ఈసారి నాలుగు చోట్ల వెయ్యాలన్నాను. తూర్పు అంచున కొన్ని, నట్టనడుమ కొన్ని. ఓ పొడుగు వంగడాన్ని కూడా సరిగ్గా అలాగే, దాని పక్కనే. ఎక్కడ ఏది అన్నది చీటీలు తీసి తేల్చాలన్నాను. ఆవిడ ముఖం చిట్లించింది గానీ ఒప్పుకుంది. మే మొదటి వారంలో మేనేజరుగా నాటింది, జూన్ రెండో తారీఖున సెలవు పెట్టి విద్యార్థిగా వచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ వాడని సెలవులు ఓ గుట్ట ఉన్నాయి.

ఫెలోలు హాస్టల్లో ఉండాలని నియమం. ఇల్లు పదకొండు మైళ్ళే కాబట్టి ఆవిడకి మినహాయింపు ఇస్తామన్నారు. వద్దంది. "మూడు నెలలే ఉన్నాను అప్పుడు. ఇంకో పది వారాలు ఉండొచ్చు" అంది. లీలాండ్ పికప్ బండిలో ఓ ఫ్యానూ, రెండు దుప్పట్లూ, ఊరగాయ దోసకాయల సీసాలూ తెచ్చి దింపాడు. "నాకు వంట వచ్చో రాదో ఇన్నాళ్ళకి తేలబోతోంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

రూమ్మేటు సెయింట్ లూయిస్ నగరపు పిల్ల, ఇమానీ. మొక్కల వేళ్ళ మీద పరిశోధన చెయ్యడానికి వచ్చింది. తలుపు తీసి వెర్నాని చూసి, "మీ అమ్మాయి వెనకాల వస్తోందాండీ?" అని అడిగింది. అమ్మాయి ఎవరూ లేరనీ, వచ్చింది తనేననీ వెర్నా చెప్పింది. ఇమానీ ఆవిడ ఫ్యాను లోపలికి లాగింది.

"మిస్ వెర్నా, మీరు గురక పెడతారా?"

"పెడతానని లీలాండ్ అంటాడు. ఆయన మాట నమ్మడానికి లేదు."

"నేను పాటలు పెట్టుకుని పడుకుంటాను."

"పెట్టుకో. ఆ చప్పుడులో నా గురక నీకు వినపడదులే."

ఇద్దరికీ బాగా కుదిరింది. నాలుగున్నరకి వెర్నా అలారం మోగితే ఇమానీ దిండు కింద తల దూర్చి తిట్టుకునేది. రెండోవారానికల్లా ఆ అలారానికే లేచి ఆవిడతో పాటు పొలానికి రావడం మొదలుపెట్టింది. అదేమిటంటే, "మిస్ వెర్నా ఫ్లాస్కు కాఫీ కాలేజీ కాఫీ కంటే నయం" అంది.

అందరికంటే ఇబ్బంది పడింది డ్వేన్. ఆ పది వారాలూ పొలానికి అతనే పెద్ద. ఇన్నేళ్ళూ తనని ఆడించిన మనిషి ఇప్పుడు సంచుల కోసం కుర్రాళ్ళ వెనక వరసలో నిలబడింది. మొదటిరోజు ఆవిడ అలవాటు కొద్దీ నేరుగా బీరువా తెరవబోయింది.

"విద్యార్థులు సంతకం పెట్టి తీసుకోవాలి" అన్నాడు డ్వేన్, నేల చూపులు చూస్తూ.

"ఆ రూలు పెట్టింది నేనే."

"అందుకే చెబుతున్నా."

ఆవిడ సంతకం పెట్టింది. ఆ సాయంత్రం అనాథ సంచులు చదివేటప్పుడు డ్వేన్ గొంతు సవరించుకుని, "హోల్ట్‌గ్రీవ్, ఒకటి" అన్నాడు. వెర్నా ఆ సంచిని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నిజంగానే తేదీ లేదు. "పోయిన ముప్పై ఏళ్ళలో నావి ఇంకెన్ని ఉన్నాయో, చదివేవాళ్ళు లేక తెలీలేదు" అంది. ఆ తర్వాత డ్వేన్ కాస్త తేలికపడ్డాడు.

జూలై మొదటి వారంలో జల్లు విచ్చుకుంది. రోజూ అయిదున్నరకి పొలంలో ఉండేవాళ్ళం. ప్యాంట్లు మోకాళ్ళదాకా మంచుకి తడిసిపోయేవి. పావుగంటకోసారి గుర్తు పెట్టిన ప్రతి జల్లు కిందా నల్ల కాగితం పట్టి, వేలితో తట్టి, పొడి పడిందా లేదా అని చూడాలి. అటు వైపు నేను, ఇటు వైపు వెర్నా, రాయడానికి ఇమానీ. పడితే "పడింది" అనడం, లేకపోతే "లేదు" అనడం. నాలుగు గంటలపాటు అవే రెండు మాటలు.

మూడోరోజుకే నాకు అనుమానం తగిలింది. ఏడోరోజు అంకెలన్నీ కంప్యూటర్లో ఎక్కించి బొమ్మ గీశాను. తూర్పు అంచున ఉన్న మొక్కలు ముందు రాల్చాయి. పొట్టివీ, పొడుగువీ, రెండూ. నట్టనడుమ ఉన్నవి ఆలస్యంగా రాల్చాయి. అందులోనూ అన్నిటికంటే ఆఖరున, తొమ్మిదీ పదికి, రాల్చింది పొట్టిదే. పొద్దున్నే లేచే గుణం మొక్కది కాదు. అంచున ఎండ ముందు తగులుతుంది, మంచు ముందు ఆరుతుంది, అంతే. పంతొమ్మిదేళ్ళ పుస్తకంలో ఉన్నది ఆ చోటు కథ.

ఆ బొమ్మ కాగితం మీద తీసుకుని పొలానికి వెళ్ళాను. వెర్నా పికప్ వెనకాల తొట్టిలో కూర్చుని పీనట్ బటర్ శాండ్‌విచ్ తింటోంది. బొమ్మ చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. శాండ్‌విచ్ ముగించింది, చేతులు దులుపుకుంది, మళ్ళీ చూసింది.

"మరి కరువు ఏడు గింజ కట్టిందే?"

"అంచు వరసకి ఒక పక్క పోటీ లేదు కదా. నీళ్ళు ఎక్కువ అందుంటాయి."

"ఊఁ" అంది. "అంటే ఇన్నేళ్ళూ నేను గడియారం పట్టుకుని చూసింది సూర్యుణ్ణన్నమాట."

"నన్ను క్షమించండి, వెర్నా."

"దేనికి? మొక్కని నువ్వు నడుమ పెట్టమన్నావు, పెట్టాను, చెప్పింది. దాని మాట అది చెబితే నువ్వెందుకు ఏడుపు ముఖం పెడతావు?" తర్వాత గొంతు తగ్గించి, "కొంచెం ఉక్రోషంగానే ఉందిలే. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడను" అంది. అన్నట్టే నది వైపు నడిచి వెళ్ళిపోయింది.

రెండింటికి తిరిగి వచ్చింది. బూట్లకి బురద, ముఖంలో మాత్రం నేనెప్పుడూ చూడని హుషారు.

"టెస్సా, అంచున ఉన్నవాటికి మంచు ముందు ఆరుతుంది. సరే. నడుమ ఉన్నవాటికి మంచు మనమే ఆరబెడితే? రెండింటికీ ఒకేసారి? అప్పుడు పొట్టిది ఏమంటుంది?"

"ఎలా ఆరబెడతాం?"

"డ్వేన్ దగ్గర ఆకులు ఊదే బ్లోయర్ ఉంది."

బ్లోయర్‌కీ సంతకం పెట్టే తీసుకుంది. మర్నాడు తెల్లవారుతుండగా వీపుకి ఆ యంత్రం తగిలించుకుని, నడుమ వరసల్లో నడుస్తూ జల్లుల మీద మంచంతా ఊదేసింది. చప్పుడుకి పొలంలో పక్షులన్నీ లేచిపోయాయి. ఇమానీ చెవులు మూసుకుని, "మిస్ వెర్నా, మా వీధిలో ఈ పని చేస్తే పోలీసుల్ని పిలుస్తారు" అని అరిచింది. వెర్నాకి వినపడలేదు.

నాలుగు పొద్దులు అలా చేశాం. అయిదో రోజు వాన పడింది, ఆరోరోజుకి పుప్పొడి అయిపోయింది. ఆ నాలుగు రోజులూ, పొడుగు మొక్కల నీడలో ఉండి కూడా, పొట్టిది వాటికంటే పదిహేను ఇరవై నిమిషాలు ముందే రాల్చింది. ఇన్నేళ్ళుగా ఆవిడ చూసిన గంటన్నరలో అది చిన్న ముక్క. కానీ ఆ ముక్క మొక్కదే. నేను వేసవి ఆఖరి ప్రదర్శనకి చేసే పోస్టరు మీద "నిరూపించాం" అని రాయబోతే ఆవిడ కొట్టేయించింది.

"నాలుగు పొద్దులు చూసి నిరూపించడమేమిటి? పంతొమ్మిదేళ్ళు చూసి బోర్లా పడ్డదాన్ని. 'కావచ్చు' అని రాయి."

ఆగస్టు రెండో శుక్రవారం పెద్ద హాల్లో పోస్టర్లు పెట్టారు. పన్నెండుమంది ఫెలోలూ పన్నెండు పోస్టర్ల పక్కన నిలబడ్డారు. వెర్నా కొత్త నీలం చొక్కా వేసుకుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక వెనక్కి కట్టుకుంది. ఎంపిక సంఘంలో అడ్డం చెప్పినాయన వచ్చి అరగంట నిలదీశాడు. గాలి ఊదితే జల్లు కదిలి, ఆ కదలిక వల్లే పొడి ముందు రాలుతోందేమో అన్నాడు. "పొడుగువాటినీ అంతే ఊదాను. కానీ పొట్టివి బ్లోయర్ మూతికి దగ్గరగా ఉంటాయి, గాలి వాటికే ఎక్కువ తగిలుండొచ్చు. మంచి మాట చెప్పారు, వచ్చే ఏడు చూడాలి" అని వెర్నా అక్కడికక్కడే పుస్తకం తీసి రాసుకుంది. ఆయన కార్డు ఇచ్చి వెళ్ళాడు.

సాయంత్రానికి లీలాండ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు. పోస్టరు ముందు నిలబడి పైనుంచి కిందికి, వేలు పెట్టుకుంటూ చదివాడు. మేమంతా చూస్తున్నాం.

"అంచు వరస ముందు రాలుస్తుంది, మంచు ముందు ఆరుతుంది కాబట్టి. అంతేనా?"

"అంతే" అంది వెర్నా.

"అది నాకు తెలుసుగా. మన తూర్పు చేను పక్కన పొద్దున్నే బండి ఆపితే ఎనిమిదింటికల్లా పుప్పొడికి అద్దం పచ్చగా అయిపోతుంది. నడిమి బాట మీద ఆపితే కాదు."

వెర్నా ఆయన వంక చూసింది. "ఎప్పట్నుంచి తెలుసు?"

"మా నాన్న ఉన్నప్పట్నుంచి."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

ఇమానీ పోస్టరు చాటుకి వెళ్ళి నోరు నొక్కుకుంది. వెర్నా మాత్రం భుజాలు అదిరేలా నవ్వింది, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఆ ఇరవై నిమిషాలు? అదీ తెలుసా?" అని అడిగింది.

"అది తెలీదు" అని లీలాండ్ ఒప్పుకున్నాడు. ఇంకోసారి వంగి ఆ బొమ్మ చూశాడు. "అది బాగుంది."

మర్నాడు హాస్టల్ ఖాళీ చేశారు. ఫ్యాను ఇమానీకి ఇచ్చేసింది వెర్నా. దానికి బదులు ఇమానీ తను రాత్రిళ్ళు వినే పాటలన్నీ ఓ సీడీలో వేసి ఇచ్చింది. ఆ పాటలు పెట్టుకుని ఆవిడ పొలంలో ట్రాక్టరు నడపడం మేం తర్వాత చాలాసార్లు విన్నాం.

సోమవారం పొద్దున వెర్నా మళ్ళీ మేనేజరు. డ్వేన్ తాళాలు ఆవిడ బల్ల మీద పెట్టి, ఇక దేవుడు చల్లగా చూశాడన్నాడు. ఆ మరుసటి వసంతం నుంచీ ఏ వంగడానికీ పొలంలో శాశ్వతమైన చోటు లేకుండా చేసింది. కాఫీ డబ్బాలో చీటీలు వేసి, ఏది ఎక్కడో తీస్తారు. ప్రొఫెసర్లు కొందరు గొణిగారు. వాళ్ళ అలవాటు చోట్లు పోయాయి కదా. వాళ్ళ చేత కూడా చీటీలు తీయించింది.

యాభై ఆరో ఏట డిగ్రీ చేతికొచ్చింది. పై చదువుకి వెళ్ళమని ఆర్మ్స్‌బీ అడిగాడు. రెండు రోజులు నిజంగానే ఆలోచించి, వద్దంది. "మీరందరూ సంవత్సరమంతా రాస్తారు, ఓ నెల పొలంలో ఉంటారు. నాకు అది తిరగేసి ఉంటేనే బాగుంటుంది" అంది. పొట్టి వరస ఇరవై నిమిషాల మీద మరో రెండు వేసవులు, బ్లోయర్ లేకుండా, పైన గుడ్డ కప్పి మంచు పడకుండా చేసి చూసింది. ఇరవైలో పదకొండు నిమిషాలు నిలిచాయి. దాని మీద నాలుగు పేజీల వ్యాసం అచ్చయింది. మొదటి పేరు ఆవిడది, రెండోది నాది, మూడోది ఇమానీది. పొలంలో చేసిన సాయానికి డ్వేన్‌కి కృతజ్ఞతలని చివర ఓ వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని డ్వేన్ నాలుగుసార్లు చదివించుకున్నాడు.

ఆ వ్యాసాన్ని ఆవిడ ఫ్రేము కట్టించలేదు. విత్తనాల గదిలో తలుపు పక్కన మేకుకి దారంతో వేలాడదీసింది, వచ్చిన పిల్లలు ఎవరైనా చదువుకోవడానికి. మొన్న వేసవిలో నా విద్యార్థిని ఒకమ్మాయిని ఫెలోషిప్ మీద అక్కడికి పంపి, చూడ్డానికి వెళ్ళాను. కాగితాల అంచులు నలిగి మెత్తబడ్డాయి. మూడో పేజీలో ఎవరో పెన్సిలుతో, ఇక్కడ గాలిలో తేమ కొలిచారా అని రాశారు. దాని కింద వెర్నా దస్తూరీలో జవాబు ఉంది: "లేదు. కొలవాలి. నువ్వెవరు?"